నడవలేనని ఇంట్లో తీర్మానం చేసేశారు

విజయనగరం నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు వెయ్యొద్దన్నారు. పొడుగు ఉత్తరం కనక కుదించి చెబుతున్నాను.

ఆవిడకి అరవై మూడో ఏడు నడుస్తోంది. ఎయిడెడ్ హైస్కూల్లో సోషల్ టీచరుగా చేసి నిరుడే రిటైరయ్యారు. భర్త రెవెన్యూ శాఖలో చేసి అంతకుముందే రిటైరయ్యారు. ఒక్కడే కొడుకు, హైదరాబాద్ కొండాపూర్‌లో ఉంటాడు. కోడలిదీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే. పోయిన చలికాలం వీళ్లిద్దరూ కొడుకు దగ్గరికి వెళ్తే, "అమ్మా, నీకు పాతబస్తీ అంతా కాలినడకన చూపిస్తాను" అని అతను సెలవు పెట్టి మరీ ఒక రోజుకి ప్లాన్ వేశాడు. మెట్రోలో ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) దాకా, అక్కణ్ణుంచి నడక. సాలార్‌జంగ్ మ్యూజియం, మదీనా, పత్తర్‌గట్టి, చార్మినార్, మక్కా మసీదు, లాడ్‌బజార్, చివర చౌమహల్లా ప్యాలెస్. ఏళ్ల తరబడి నల్లబల్ల మీద కుతుబ్‌షాహీల పేర్లు వరసగా రాసి పిల్లలచేత వల్లె వేయించిన మనిషి. ముందురోజు రాత్రి నిద్ర పట్టలేదట.

మ్యూజియంలో మూడు గంటలు తిరిగారు. బయటికి వచ్చేముందు కోడలు పక్కకొచ్చి, "అత్తయ్యా, వాష్‌రూమ్‌కి వెళ్లొద్దామా?" అంది. మామగారు రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నారు. "నాకేం అవసరం లేదమ్మా, పద" అన్నారీవిడ. తర్వాత నడక. భర్త ఎప్పటిలాగే ముందు, కనుచూపు మేరలో ఎక్కడో. కొడుకు చేతిలో ఫోను, అందులో అడుగుల లెక్క. చార్మినార్ చుట్టూ తిరిగి లాడ్‌బజార్‌లోకి వచ్చి, ఒక గాజుల దుకాణం ముందు నిలబడి లక్కగాజుల ధర అడుగుతుండగా కళ్లు బైర్లు కమ్మాయి. దుకాణదారు స్టూలు వేసి మంచినీళ్లిచ్చాడు. పావుగంటకి తేరుకున్నారు. చౌమహల్లా చూడకుండానే క్యాబ్ ఎక్కించి ఇంటికి తీసుకొచ్చేశారు.

అసలు సంగతి ఆ తర్వాతది. ఆవిడ స్టూలు మీద తల పట్టుకుని కూర్చున్న ఫోటో తీసి కొడుకు కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. కింద, "పన్నెండు వేల అడుగుల దగ్గర అమ్మ అవుట్!" అని. బొబ్బిలి నుంచి ఆడపడుచు, పాలకొండ నుంచి తోడికోడలు, అందరూ ఫోన్లు. విజయనగరం తిరిగొచ్చాక కూరలకి గంటస్తంభం వైపు బయలుదేరినా భర్త, "ఏటి, మళ్లీ నడకా? నువ్వు నడవలేవుగా, ఆటో పిలుస్తానుండు" అంటున్నారట. ఇప్పుడు మా ఊరి పైడితల్లి అమ్మవారి జాతర, సిరిమానోత్సవం, అయ్యాక మళ్లీ హైదరాబాద్ ప్రయాణం. "శుక్రవారం వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుంటాను. ఎలాగోలా వీలు చేసుకుని కారులో తిప్పేస్తాను. మాల్, ట్యాంక్‌బండ్, రాత్రికి హోటల్లో భోజనం. నడక మాత్రం లేదు" అన్నాడు కొడుకు. ఆవిడకేమో చూడకుండా వదిలేసిన చౌమహల్లాకి, ఆ వీధులకి నడిచే వెళ్లాలని ఉంది. "పట్టుబట్టనా? వాళ్లు చెప్పినట్టు కారెక్కి కూర్చోనా? అందరూ ఆఫీసు పనుల్లో ఉన్నప్పుడు చెప్పకుండా ఒక్కదాన్నే మెట్రో ఎక్కి వెళ్లొస్తే తప్పా?" అని అడిగారు. చివర ఒక మాట రాశారు: "నడవలేక కాదండీ, నడవలేనిదాన్ని అయిపోయానే అని బాధ."

అమ్మా, ఇక మీతోనే మాట్లాడతాను.

మీ ఉత్తరంలో కోపం గురించి చాలా రాశారు, ఫోటో గురించి ఇంకా ఎక్కువ రాశారు. కానీ నా కళ్లు ఆగింది మీరు దారిన పోతూ పడేసిన ఒక వాక్యం దగ్గర. "పొద్దున్న కాఫీ తప్ప ఆ రోజు చుక్క నీళ్లు ముట్టలేదు లెండి, బయట ఎక్కడికని వెళ్తాం." ఏడింటికి తాగిన కాఫీ. మీరు కళ్లు తిరిగి కూర్చున్నది మధ్యాహ్నం రెండు దాటాక. మధ్యలో మూడు గంటలు మ్యూజియంలో నిలబడటం, తర్వాత ఎండ, జనం. పైగా మీరు బీపీ మాత్ర వేసుకుంటారు. అలా చేస్తే మీ అబ్బాయి కూడా ఆ స్టూలు మీదే కూర్చునేవాడు. ఇందులో మీ కాళ్ల తప్పు నాకెక్కడా కనబడలేదు.

ఈ నీళ్లు మానెయ్యడమనే అలవాటు ఒక్కరోజుది కాదని మీకూ తెలుసు. బడిలో టీచర్లకి సరైన బాత్రూం లేక, ఉన్నదానికి తాళం వేసి ఉండి, పొద్దున్న ఇంట్లో బయలుదేరినవాళ్లు సాయంత్రం లాంగ్‌బెల్ కొట్టాక ఇంటికి చేరేదాకా బిగబట్టుకున్నవాళ్లు మన జిల్లాల్లో ఎంతమంది! బస్సులో పార్వతీపురం వెళ్లాలన్నా, పెళ్లికి పలాస వెళ్లాలన్నా ముందు చేసే పని నీళ్లు మానడమే. మగవాళ్లకి ఈ లెక్కే తెలీదు. వాళ్లకి గోడ చాలు. అందుకే మీ ఇంట్లో ఇద్దరు మగవాళ్లకి ఆ రోజు ఏం జరిగిందో ఇప్పటికీ తెలియదు. తెలిసింది మీ కోడలికి. ఆ పిల్ల అడిగింది కూడా. మీరే కాదన్నారు.

కాబట్టి ప్రయాణానికి ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. మీకు మామూలుగా చూసే డాక్టరు దగ్గరికి వెళ్లి, ఆ రోజు కళ్లు తిరిగిన సంగతి ఉన్నదున్నట్టు చెప్పండి. కూర్చున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకసారి బీపీ చూడమనండి. షుగరు, హిమోగ్లోబిన్ చూపించుకోండి. కొన్ని బీపీ మాత్రల్లో ఒంట్లో నీటిని మూత్రంగా పంపేసే మందు కలిసి ఉంటుంది. మీది అలాంటిదే అయితే, తిరిగే రోజున ఏ వేళకి వేసుకోవాలో ఆయన్నే అడగండి. మీ అంతట మీరు మాత్ర మానెయ్యడం మాత్రం వద్దు. నీళ్లు తాగకపోతే కళ్లు తిరగడంతో సరిపోదు, మూత్రంలో ఇన్ఫెక్షన్ కూడా రావచ్చు. ఇంకో మాట. తరచూ వెళ్లాల్సి రావడం, దగ్గినా తుమ్మినా కాస్త జారిపోవడం లాంటివి ఉంటే, అవీ చెప్పండి. ఆ వయసు ఆడవాళ్లలో చాలామందికి ఉండేదే, వ్యాయామాలతోనే చాలావరకు తగ్గుతుంది. మగ డాక్టరుకి చెప్పడానికి మొహమాటమైతే లేడీ డాక్టరుని చూడండి. మీ ఉత్తరంలో ఇదేమీ రాయలేదు. రాయలేదు కాబట్టే అడుగుతున్నాను.

ఇక మనుషుల సంగతి.

మీ అబ్బాయి మీద నాకు కోపం రాలేదు, ఫోటో మీద వచ్చింది. సెలవు పెట్టుకుని, అమ్మ బళ్లో చెప్పిన పాఠం అమ్మకే చూపిద్దామని ఒక రోజంతా కూర్చిన కొడుకు అతను. అంతటి కొడుకూ వేళ్ల మీద లెక్కపెట్టుకున్నది చూడాల్సిన చోట్లని, ఆగాల్సిన చోట్లని కాదు. ఆ అడుగుల లెక్క ఒకటి వచ్చిపడింది మన ప్రాణానికి. ఊరు చూడ్డానికి వెళ్లినవాళ్లు ఫోను చూసుకుంటూ నడుస్తున్నారు. అమ్మ పడిపోబోతుంటే కంగారు పడ్డాడు, కంగారు తీరాక దాన్ని జోకుగా మార్చాడు. ఈ కాలం కుర్రాళ్లకి భయం బయటపెట్టే తీరు అదే. అలాగని మీరు ఊరుకోవాలని నేననను. ఇన్ని నెలలైంది, ఆ ఫోటో మిమ్మల్ని బాధపెట్టిందని అతనికి ఒక్కసారైనా చెప్పారా? ఉత్తరం ప్రకారం చెప్పలేదు. "బాబూ, ఆ రోజు నేను నీళ్లు తాగలేదు, బాత్రూం గురించి భయపడి. నాకు నడకతో ఇబ్బంది లేదు. ఆ ఫోటో గ్రూపులో చూసి నాకు చాలా సిగ్గనిపించింది, తీసెయ్యి." ఈ మాత్రం చాలు. ఫోన్లో అంటే ఇంకా తేలిక, ఎదురుగా మొహం ఉండదు. ఇన్నాళ్లయ్యాక అతనికి తీసెయ్యడం అవుతుందో లేదో కానీ, అతను విన్నాడా లేదా అన్నదే ముఖ్యం. అతను నవ్వేసి "అబ్బ, ఊరికే అమ్మా" అనవచ్చు. అన్నా సరే, మీరు చెప్పినట్టు అతనికి గుర్తుంటుంది.

మీవారి సంగతి వేరు. నా ఊహ చెబుతాను, తప్పైతే కొట్టిపారెయ్యండి. కొడుకు ఫోన్ చేసేదాకా ఆయనకి మీరు కూర్చుండిపోయారన్న సంగతే తెలీదు. వెనక్కి తిరిగి వచ్చేసరికి భార్య స్టూలు మీద, చుట్టూ పరాయి మనుషులు. ముప్పై ఐదేళ్లుగా ముందు నడిచే మనిషికి అది చిన్న దెబ్బ కాదు. అప్పట్నుంచి ఆయన మీ పక్కన నడవడం నేర్చుకోలేదు కానీ, ఆటో పిలవడం నేర్చుకున్నారు. అది ప్రేమే. కానీ దాన్ని పుచ్చుకునేముందు ఆలోచించండి. కూరలకీ, గుడికీ, బ్యాంకుకీ ఆటో ఎక్కుతూ పోతే కాళ్లలో బలం తగ్గుతుంది, మోకాళ్లు పట్టేస్తాయి. ఏడాది తిరిగేసరికి ఆయన మాటే నిజమై కూర్చుంటుంది. సిరిమాను రోజున మూడు లాంతర్ల దగ్గర గుడి నుంచి కోట దాకా సిరిమాను మూడుసార్లు తిరిగేవరకు ఆ జనంలో నిలబడి చూసి వస్తానని మీరే రాశారు. అంతసేపు నిలబడ్డ మనిషిని నడవలేదనడం ఏం న్యాయం?

ఇప్పుడు మీరడిగిన మూడు దారులూ చూద్దాం. కారు ముందు. కారెక్కితే ఓడిపోయినట్టేమీ కాదు. ట్యాంక్‌బండ్ మీద సాయంత్రం గాలి బావుంటుంది, మనవాళ్లు పక్కన ఉంటారు, ఒళ్లు అలవదు. కానీ మీకు చూడాలని ఉన్నది కారులో కూర్చుని చూసేది కాదు. చార్మినార్ చుట్టూ వాహనాలు రానివ్వరు, లాడ్‌బజార్‌లో కారు దూరదు. ఎక్కడో పార్కింగ్ వెతుక్కుని దిగి నడవాల్సిందే. అంటే కారైనా నడక తప్పదు, కాస్త తగ్గుతుందంతే. కారెక్కి ఊరుకుంటే ఇంకో నష్టం, ఇంట్లో ఆ తీర్మానానికి మీరూ సంతకం పెట్టినట్టవుతుంది. వచ్చే ఏడు తిరుపతి అన్నా, కాశీ అన్నా మొదట వచ్చే మాట అదే.

చెప్పకుండా ఒంటరిగా వెళ్లడం. తప్పా అని అడిగారు. అరవై మూడేళ్ల మనిషి, ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసి, వందల మంది పిల్లల్ని విహారయాత్రలకి తీసుకెళ్లి లెక్క తప్పకుండా వెనక్కి తెచ్చిన మనిషి, పట్టపగలు మెట్రో ఎక్కితే తప్పేమిటి? రాయదుర్గం స్టేషన్లో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఎంజీబీఎస్‌లో దిగాలి. స్టేషన్లలో లిఫ్టులున్నాయి, బోర్డులు తెలుగులోనూ ఉంటాయి. మీరు వెళ్లగలరు. కానీ "చెప్పకుండా" అన్నదాని మీదే నాకు పేచీ. వెళ్లి క్షేమంగా వచ్చారనుకోండి, ఎవరికీ తెలీదు కాబట్టి మీ మీద పడ్డ పేరు అలాగే ఉంటుంది. దారిలో చిన్న ఇబ్బంది వచ్చిందనుకోండి, చెప్పకుండా వెళ్లింది అన్నదే ఇంట్లో పదేళ్లు చెప్పుకునే కథవుతుంది. మీ కోడలికి ఫోనొస్తుంది, ఆ పిల్ల మీటింగు వదిలేసి పరుగెడుతుంది, మీకూ ఆమెకీ మధ్య ఉన్న కాస్త చనువూ పాడవుతుంది. ఒంటరిగానే వెళ్లాలని ఉంటే చెప్పి వెళ్లండి. "నేను పొద్దున్న వెళ్లి మధ్యాహ్నానికి వచ్చేస్తాను, ఫోను ఆన్‌లోనే ఉంటుంది" అని కాఫీ తాగుతూ మామూలుగా అనెయ్యండి, అనుమతి అడుగుతున్నట్టు కాదు. గొడవ కాకపోదు. మీవారు "నేనూ వస్తా" అని బయలుదేరే ప్రమాదం కూడా ఉంది. అప్పుడది ఒంటరి ప్రయాణం కాదు, మళ్లీ ఆయన వెనక పరుగే. ఆ మాట కూడా ముందే అనుకోండి.

మీరు అడగని దారి ఒకటుంది, కోడలితో వెళ్లడం. ఆ రోజు మీ అవసరం ముందుగా ఆలోచించింది ఆమె ఒక్కతే. ఇద్దరాడవాళ్లు వెళ్తే ఎక్కడ ఆగాలన్నా సంజాయిషీ ఉండదు. గాజుల దుకాణంలో గంట కూర్చున్నా "ఇంకా ఎంతసేపు" అనే మనిషి ఉండడు. లాడ్‌బజార్ లక్కగాజులకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. వాటిని నిలబడి హడావుడిగా కొనడం కంటే, కూర్చుని, కొలిమి పక్కన లక్కని వేడి చేసి వంచి, దాని మీద ఒక్కో రాయీ అద్దే పని చూసి కొనుక్కోండి. ఇందులో చిక్కేమిటంటే ఆమె సెలవు పెట్టాలి. ఆమె సెలవులు మీకోసం ఖర్చు పెట్టమని మీరు అడిగితే కాదనలేదు. అందుకని అడిగే తీరు చూసుకోండి. "నీకు వీలైతేనే, లేకపోతే ఆదివారం పొద్దున్నే వెళ్లొద్దాం" అని వదిలేస్తే ఆ పిల్లే తేలుస్తుంది. అబ్బాయి "నన్నొదిలేసి వెళ్తారా" అని మొహం ముడుచుకోవచ్చు. ముడుచుకోనివ్వండి, రెండ్రోజుల్లో సర్దుకుంటాడు.

నలుగురూ కలిసే వెళ్లాలంటే అదీ కుదురుతుంది, కానీ నలుగురూ ఒకే వేగంతో నడవాలన్న నియమం తీసెయ్యాలి. మ్యూజియంలో గంట కొట్టే గడియారం చూసే ఉంటారు. గంటగంటకీ లోపల్నుంచి చిన్న బొమ్మ బయటికొచ్చి ఎన్ని గంటలైతే అన్నిసార్లు కొట్టి వెళ్లిపోతుంది, జనం ముందే వచ్చి కూర్చుని ఎదురుచూస్తారు. "మీరు మీ వేగంతో తిరిగి రండి, పన్నెండింటికి గడియారం దగ్గర కలుద్దాం" అని మీవారికి చెప్పండి. ఆయన సాలార్‌జంగ్ కత్తులూ తుపాకులూ చూసుకుని వస్తారు, మీరు ముసుగు రెబెక్కా విగ్రహం ముందు ఎంతసేపైనా నిలబడొచ్చు. మొహం మీది పల్చటి మేలిముసుగుని రాతిలో చెక్కిన ఆ పని పావుగంటలో అయ్యేది కాదు. ఆయన మాట ప్రకారం గడియారం దగ్గరికి వస్తారా, వచ్చి "ఎక్కడున్నావు" అని ఫోన్ల మీద ఫోన్లు చేస్తారా అన్నది మీకే బాగా తెలుసు.

ఏ దారి పట్టినా, నా మాటగా ఒకటి చెప్తాను. పోయినసారి ప్లాన్లో రెండు రోజుల పని ఒక్కరోజులో కుక్కారు. ముప్పైకి పైగా గ్యాలరీలున్న మ్యూజియం ఒక్కటే ఒక పూట తినేస్తుంది. దాన్ని చార్మినార్‌తో కలపకండి. పాతబస్తీకి ఒక పూట చాలు, అదీ పొద్దున. ఏడు ఏడున్నరకల్లా క్యాబ్‌లో చార్మినార్ అంచుదాకా వెళ్లి దిగితే దుకాణాల షట్టర్లు ఇంకా దించే ఉంటాయి. జనం ఉండరు. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు ఆ వేళకే వేడిగా దొరుకుతాయి. గుల్జార్ హౌజ్ చుట్టూ నాలుగు దిక్కులా ఉన్న చార్‌కమాన్ తోరణాలు, ట్రాఫిక్ మొదలయ్యాక తలెత్తి చూడ్డానికి వీలుండదు. అప్పుడైతే రోడ్డు మధ్య నిలబడి చూడొచ్చు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కొత్త నగరాన్ని ఈ నాలుగు మీనార్ల చుట్టూ వేయించాడని మీరు ఎన్నిసార్లు చెప్పి ఉంటారో! ఆ నాలుగు రోడ్లూ కళ్లముందు విడిపోతుంటే పాఠం ఎవరూ చెప్పక్కర్లేదు. పైకెక్కడం మాత్రం మీ మోకాళ్లని అడిగి నిర్ణయించుకోండి. మెట్లు ఎత్తుగా, మెలితిరిగి, ఇరుకుగా ఉంటాయి. దిగేటప్పుడే కష్టం. ఎక్కకపోతే పోయేదేమీ లేదు.

అక్కణ్ణుంచి చౌమహల్లా కిలోమీటరు లోపే, లాడ్‌బజార్ మీదుగా. ప్యాలెస్ పదింటికి తెరుస్తారు. ఖిల్వత్ దర్బారు హాల్లో బెల్జియం షాండ్లియర్ల కింద నిలబడి చూశాక, బయట తోటలో కూర్చోండి. కూర్చోవడం కూడా చూడ్డంలో భాగమే అని మీవాళ్లకి చెప్పండి. అక్కడ బాత్రూం ఉంది, వాడుకోండి, నీళ్లు తాగండి. తిరిగి లాడ్‌బజార్‌లోకి వచ్చేసరికి పదకొండున్నర, దుకాణాలు అప్పుడే తెరిచి ఉంటాయి, మొదటి బేరం కనక ధర కాస్త దిగుతుంది. మధ్యాహ్నం భోజనానికి పైన ఫ్యామిలీ హాలున్న హోటల్ చూసుకోండి. తిండి కన్నా ముందు చూడాల్సింది బాత్రూం శుభ్రత. సుమారు ఒంటిగంటకి ఇంటిదారి పట్టొచ్చు. మెట్రో స్టేషన్లోనూ, మ్యూజియంలోనూ బాత్రూములున్నాయి. ఇబ్బందల్లా మదీనా నుంచి లాడ్‌బజార్ దాకా ఉన్న వీధుల్లోనే. డబ్బిచ్చి వెళ్లేవాటికి చిల్లర దగ్గరుంచుకోండి. అవసరం ఉన్నా లేకపోయినా బాత్రూం కనబడ్డచోటల్లా వెళ్లొచ్చెయ్యడమే. సిగ్గుపడేవాళ్లు పడతారు.

ఇంకో పూట మిగిలితే, మ్యూజియం చూసి నయాపూల్ దాటి ఉస్మానియా ఆసుపత్రి వైపు వెళ్లండి. 1908 సెప్టెంబరులో మూసీ పొంగినప్పుడు అక్కడి చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్యగారి సలహా మీద గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టారు. నాగావళి, వంశధార పొంగితే ఏమవుతుందో తెలిసినవాళ్లం, మనకి ఆ చెట్టు చూస్తే వేరే సంగతులు గుర్తొస్తాయి. ఆసుపత్రి నడుస్తున్న చోటు కనక అక్కడ గుంపుగా హడావుడి వద్దు.

ప్రయాణానికి ఇంకా వ్యవధి ఉంది కదా, ఈలోగా మన ఊళ్లోనే నడవండి. ఆటో వద్దని పోట్లాట పెట్టుకోకుండా, పొద్దున్నే మీవారు లేచేలోపు వెళ్లొచ్చెయ్యండి. కంటోన్మెంట్ నుంచి కోట, కోట చుట్టూ ఒక వరస, గంటస్తంభం, పెద్దచెరువు గట్టు. నీళ్ల సీసా పట్టుకెళ్లి మధ్యమధ్య తాగుతూ నడవండి. ఎంతసేపటికి వెళ్లాల్సి వస్తుందో, ఎక్కడ మోకాలు మొరాయిస్తుందో మీకు తెలుస్తుంది. 1713 నాటి ఆ కోటని మనం కూరల సంచీతో దాటిపోవడమే తప్ప తలెత్తి చూసిందెప్పుడు? గురజాడ వారిల్లు మీరు పిల్లలకి చూపించే ఉంటారు, మీవారు ఎప్పుడైనా లోపలికి వెళ్లారా? అడగండి. వస్తానంటే తీసుకెళ్లండి, కానీ ఆ రోజు ముందు నడిచేది మీరు. చెప్పుల సంగతి కూడా ఇక్కడే తేల్చుకోండి. చీర మీద బూట్లేమిటని నవ్వుతారని భయపడి పోయినసారి కొత్త చెప్పులేసుకెళ్లారు, మడమ దగ్గర కొరికిందని రాశారు. వెనక పట్టీ ఉన్న మెత్తటి శాండిల్స్ కొనుక్కుని ఇప్పట్నుంచే తొడిగి నడవండి. చార్మినార్ చుట్టూ పరిచింది రాయి. జారే చెప్పులతో దాని మీద నడవడం కష్టం.

ఇక అబ్బాయితో మాట ఎక్కడ మొదలుపెట్టాలా అని సందేహిస్తున్నారు కదా. అతనే మీకు దారి ఇచ్చాడు. అతను అనుకున్నది శుక్రవారం. శుక్రవారం సాలార్‌జంగ్‌కి సెలవు, చౌమహల్లాకీ సెలవే. మధ్యాహ్నం మక్కా మసీదులో జుమ్మా నమాజుకి వచ్చే జనంతో చార్మినార్ దగ్గర కాలు పెట్టడానికి ఉండదు. కాబట్టి నడకా కారా అన్న వాదన ఇప్పుడే ఎత్తకండి. రేపు ఫోన్ చేసి, "బాబూ, శుక్రవారం అన్నీ మూసేస్తారట, గురువారం నాకు పాతబస్తీలో పనుంది, నీకు సెలవు దొరుకుతుందా, లేకపోతే నేనూ కోడలూ వెళ్లొస్తాం" అనండి. శుక్రవారం అతని ఇష్టప్రకారం కారెక్కి, మాల్‌కీ వెళ్లండి, ట్యాంక్‌బండ్‌కీ వెళ్లండి.